"16 ఏళ్లు పైబడినవారికే": ఇందులో ఆ "కే" ఎందుకొచ్చింది?

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా అక్కనీ, పద్నాలుగేళ్ల మా మేనల్లుణ్ణీ తీసుకుని సినిమాకి వెళ్లాను. సర్టిఫికెట్ మీద యూఏ 16+ అని ఉన్న సినిమా. గేటు దగ్గర టికెట్లు చూసే అబ్బాయి "పదహారు నిండినవాళ్లకేనండీ" అని వాణ్ణి ఆపేశాడు. కన్నతల్లిని పక్కనే ఉన్నాను కదా అని అక్క ఎంత చెప్పినా వినలేదు. పిల్లాడి మొహం చిన్నబోయింది, ముగ్గురం వెనక్కి వచ్చేశాం. నా కోపం ఆ అబ్బాయి మీద కాదు, ఆ "కే" మీద.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, అప్పటిదాకా పన్నెండేళ్ల దగ్గర ఒక్క గీతతో ఉన్న యూఏని 7+, 13+, 16+ అని మూడు చేశారు. ఆ అంకె తల్లిదండ్రులకి, సంరక్షకులకి ఇచ్చే సూచన, వాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని అమలు చేయడానికి వీల్లేదని ఆ సవరణలోనే ఉంది. హాలువాళ్లు ఆపాల్సింది "ఏ" సినిమాకి, 18 నిండనివాళ్లని. మనమేమో రెండిటికీ ఒకే నొక్కు పెట్టి "16 ఏళ్లు పైబడినవారికే" అనేస్తున్నాం, దాంతో చట్టంలో లేని నిషేధం మన వాక్యంలో పుడుతోంది. దీన్ని తెలుగులో పొట్టిగా, తప్పు లేకుండా ఎలా చెప్పాలి?

వ్యాఖ్య: "తల్లిదండ్రుల పర్యవేక్షణలో" అని ఎప్పట్నుంచో అంటున్నాం కదా అన్నా, సరిపోదా?

జవాబు: పర్యవేక్షణ అంటే పక్కన ఉండి కనిపెట్టుకోవడం కదా తమ్ముడూ. ఇక్కడ అసలు పని ఇంట్లోనే, టికెట్ కొనకముందే అయిపోవాలి. ఈ సినిమాకి మన పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా, భయపడతాడా, అడిగితే చెప్పగలమా అని ఆలోచించుకోవడం. చీకట్లో పక్కన కూర్చున్నాక పర్యవేక్షించేదేముంది, కళ్లు మూయడం తప్ప.

వ్యాఖ్య: బాబూ, నాకు "పెద్దలకు మాత్రమే" అన్న మాటతోనే పేచీ. మన భాషలో పెద్దలంటే పెళ్లి మాటలకి కూర్చునేవాళ్లు, దణ్ణం పెడితే దీవించేవాళ్లు. వాళ్ల పేరు గోడల మీద పోస్టర్లకెక్కి చివరికి బూతు సినిమాకి మారుపేరైంది. అందుకే నరుకుడు ఎక్కువైందని "ఏ" ఇస్తే, "ఇందులో అసభ్యమైన సీనే లేదు, ఏ ఎలా ఇస్తారు" అని గొడవ. 2023లో సలార్‌కి "ఏ" వచ్చింది హింస వల్లే కదా. ఆ మాట ఎవరికో చెబుతోంది, ఎందుకో చెప్పడం లేదు. పోనీ "వయోజనులు" అందామంటే రాత్రిబడి గుర్తొస్తుంది.

జవాబు: నిజమేనమ్మా. "మేజర్లకే" అంటే? పల్లెలో కూడా "పిల్ల మేజరైంది" అంటారు, పద్దెనిమిది అన్న లెక్క అందులోనే ఉంది. అక్కడ "కే" ఉండాల్సిందే. పక్కన "హింస ఎక్కువ" అని ఒక్క ముక్క చేర్చితే మీరన్న లోటూ తీరుతుంది. ఆ "ఏ" ముద్ర పడితే కుటుంబాలు రావు, టీవీలో వేయాలంటే మళ్లీ కత్తిరించి యూఏ తెచ్చుకోవాలి, అందుకే నిర్మాతలు ముందే కట్‌లకి తలూపుతారు.

వ్యాఖ్య: అందుకే జనం "సెన్సార్" అనడం మానలేదు. 1983లోనే సినిమాలకి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు పేరులో సెన్సార్ తీసేసి సర్టిఫికేషన్ పెట్టారు, తెలుగులో ధ్రువీకరణ ("ధృ" కాదు, దయచేసి). కత్తెర ఉన్నన్నాళ్లూ ఆ మాట ఉంటుంది. ఇంకోటి, తెర మీద సర్టిఫికెట్ పడినప్పుడు నాగరి అక్షరం చూశారా? అందరూ చూడదగ్గ సినిమాకిచ్చే యూకి "అ", అంటే అనిర్బంధిత్. ఏకి "వ", అంటే వయస్క్. చిన్నప్పుడు నేను ఆ "అ"నే ఏ అనుకునేవాణ్ణి. తెలుగు సినిమా మొదట్లో వచ్చే ఆ కాగితం మీద తెలుగులో ఒక్క వాక్యం ఉంటే గేటు దగ్గర ఈ తగాదా రాదు. నా వంతుగా ఒకటి: "16 లోపు పిల్లలైతే అమ్మానాన్నలదే నిర్ణయం."

జవాబు: ఇదే నాకు కావాల్సింది. నొక్కు వయసు మీంచి తీసి అమ్మానాన్నల మీద పెట్టారు, అది పడాల్సింది అక్కడే. రేపు ఆ హాలు మేనేజర్‌కి ఈ వాక్యం పెద్దక్షరాలతో రాసి ఇచ్చి వస్తాను.