కార్డిఫ్ గాయకుల పోటీ: గొంతును రేడియోలో తూచాలా, టీవీలోనా?

చెవికోసుకునేవాడు
వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఒపేరా గాయకులకు పెట్టే బీబీసీ కార్డిఫ్ సింగర్ ఆఫ్ ద వరల్డ్ పోటీని వదలకుండా అనుసరించేవాళ్లకు ఒక తగువు పెడుతున్నాను. పోటీ జరిగే సెయింట్ డేవిడ్స్ హాల్ పైకప్పు కాంక్రీటు నమ్మదగ్గది కాదని 2023 సెప్టెంబరులో మూసేశారు, 2025లో పోటీ జరగలేదు. కాబట్టి తీరిగ్గా కొట్టుకోవడానికి ఇదే అదను.

నా వాదన: ఫైనల్లోని అయిదుగురిలో ఎవరిది మేలైన గొంతో సొంతంగా తేల్చుకోవాలంటే టీవీ కట్టేసి బీబీసీ శాస్త్రీయ సంగీత స్టేషన్ రేడియో 3 పెట్టుకోవాలి. 2021నే తీసుకోండి. కొరియా బారిటోన్ (మధ్య స్థాయి మగ గొంతు) కిమ్ గిహూన్ తన మొదటి రౌండ్లో కోర్న్‌గోల్డ్ ఒపేరాలోని పియెరో పాట పాడుతుంటే జ్యూరీలో ఒకరు కన్నీళ్లు తుడుచుకోవడం కెమెరా పట్టుకుంది. ఆ షాట్ పడ్డాక చూసేవాడికి ఇంక సొంత అభిప్రాయం ఎక్కడిది? చివరికి ఆయనే గెలిచారు, అందులో పేచీ లేదు. కానీ మనం విన్నది ఆయన్నా, ఆ కన్నీళ్లనా?

తెరచాటు
ఒపేరా గాయకుణ్ని కళ్లు మూసుకుని వినమనడం కూచిపూడిని రేడియోలో పెట్టమన్నట్టుంది.

చెవికోసుకునేవాడు
కూచిపూడికి వేషం ఉంటుంది, రంగం ఉంటుంది, ఎదురు పాత్ర ఉంటుంది. ఇక్కడ వెనక ఆర్కెస్ట్రా, పక్కన కండక్టర్, ముందు జనం. అంతే. ఇది కచేరీ.

తెరచాటు
కచేరీయే అనుకుందాం. గొంతు గురించి కళ్లు చెప్పేవి చెవులు చెప్పలేవు. దీర్ఘ వాక్యానికి ముందు ఊపిరి తీసుకుంటూ భుజాలు పైకి లేచాయంటే ఆ ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగింది, వాక్యం చివర స్వరం దిగజారే ప్రమాదం ఉంది. స్వరం ఊగినప్పుడల్లా కింది దవడ కూడా దానితో పాటు ఊగిందా, నాలుక మొదలు బిగుసుకుని ఉందని అనుమానించాలి. మామూలు విబ్రాటో, అంటే స్వరం ఊగడం, సెకనుకు అయిదు నుంచి ఏడు ఊపులు. అయిదు కిందికి పడితే అది తూలడం. దవడ బిగువు క్లోజప్‌లో మొదటి రౌండ్లోనే దొరికిపోతుంది. చెవికి అది తెలిసొచ్చేది గాయకుడు అలిసిపోయాక, ఫైనల్లో.

ఇంకోటి. సొప్రానో (అన్నిటికన్నా పై స్థాయి ఆడ గొంతు) పైస్థాయిలో పాడుతుంటే రేడియో వినేవాళ్లంతా 'ఉచ్చారణ బాలేదు' అంటారు. పాపం, ఆవిడ తప్పేం లేదు. 'ఇ' అచ్చుకు నోటిలోని మొదటి అనునాదం దాదాపు 300 హెర్ట్జ్ దగ్గర, 'ఆ'కు 800 పైచిలుకు. పైన ఉండే 'ఏ' (A) అనే స్వరమే 880 హెర్ట్జ్. అంటే స్వరమే ఆ అనునాదాన్ని దాటిపోయింది. ఇక అక్కడ ఏ అచ్చు పాడినా 'ఆ' లాగే వినిపిస్తుంది. స్వరం పలచబడకుండా ఉండాలంటే నోరు బాగా తెరవాల్సిందే. టీవీలో ఆ తెరవడం కనిపిస్తుంది కాబట్టి విషయం అర్థమవుతుంది. రేడియో వినేవాడు మాత్రం మార్కులు కోసేస్తాడు.

మైకుమేస్త్రి
మీ ఇద్దరూ ఒక మాట మరిచారు. రేడియోలోనైనా టీవీలోనైనా మీకు వినబడేది హాల్లో వినబడే గొంతు కాదు.

జ్యూరీ కూర్చునేది రెండు వేల మంది పట్టే హాల్లో. అక్కడి గాయకుడికి మైకు సాయం లేదు, తన గొంతుతోనే ఆర్కెస్ట్రాను దాటుకుని రావాలి. ప్రసారానికేమో కండక్టర్ నెత్తిమీద ప్రధాన మైకులు, వాద్య బృందాలకు విడివిడిగా కొన్ని, గాయకుడి ముందు ఒకటో రెండో. ఆ ముందున్న మైకును రెండు పాయింట్లు పైకి తోస్తే చాలు, హాల్లో ట్రాంబోన్లనే పెద్ద ఇత్తడి బూరల కింద నలిగిపోయిన గొంతు మీ ఇంట్లో రాజాలా నిలబడుతుంది. మిక్సింగ్ చేసేవాళ్లది మోసం కాదు, అది వాళ్ల పని. మాట వినబడాలి కదా. కానీ గొంతు ఎంత పెద్దదన్న ఒక్క ప్రశ్నకు మాత్రం ప్రసారం జవాబు చెప్పదు. జ్యూరీ నిర్ణయం విని 'అన్యాయం' అని అరిచేవాళ్లలో చాలామంది తగువు నిజానికి ఈ ముందు మైకుతోనే.

ఇక మీ ఇంట్లో పరికరం. ఆర్కెస్ట్రా శక్తి 500 హెర్ట్జ్ చుట్టూ ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ ఉన్న మగ గొంతు దాదాపు 3000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపును పెంచుకుంటుంది, ఆ సందులోంచే అది మైకు లేకుండా బయటికొస్తుంది. ఫోన్లలోనూ సన్నపాటి టీవీల్లోనూ ఉండే చిన్న స్పీకర్లకు ఆ మధ్య ప్రాంతమే బలం. ఫలితంగా ఒక మోస్తరు బారిటోన్ కూడా ఫోన్లో ఖంగుమంటాడు. అన్నిటికన్నా కింది స్థాయి మగ గొంతు బాస్, ఆ గాయకుడికి దీనికి తలకిందులు. కింది 'ఈ' (E) అనే స్వరం 82 హెర్ట్జ్, చిన్న స్పీకర్‌కు అది అందదు. పైన తోడుగా మోగే హార్మోనిక్స్‌ను బట్టి మెదడు ఆ స్వరాన్ని అల్లుకుంటుంది గానీ బరువు రాదు. కాబట్టి రేడియోనా టీవీనా అని అడిగే ముందు ఏ స్పీకర్ అని అడగండి.

చెవికోసుకునేవాడు
మేస్త్రి గారూ, మరి ప్రసారంలో గొంతు సైజు కనిపెట్టే దారే లేదంటారా?

మైకుమేస్త్రి
ఖాయంగా చెప్పే దారి లేదు, అనుమానించే దారులున్నాయి. అన్నిటికంటే ముందు టీవీలో ఆటో వాల్యూమ్, నైట్ మోడ్, మాటను పెంచే సెట్టింగు, నకిలీ సరౌండ్ అన్నీ ఆపేయండి. అవి గుసగుసను పెంచి గర్జనను తగ్గిస్తాయి. మొదటి వాద్య గీతానికి శబ్దం సరిచేసుకున్నాక రాత్రంతా ఆ మీట ముట్టుకోవద్దు. ఒక్కో గాయకుడికి ఒక్కోలా పెట్టుకుంటే పోలికే ఉండదు. రేడియో 3కి ఎఫ్ఎం కన్నా 320 కిలోబిట్ల ఆన్‌లైన్ స్ట్రీమ్ మెరుగు, ఎఫ్ఎం 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. చెవిలో పెట్టుకునేవాటి కన్నా చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్స్ నయం.

తరవాత, బిగ్గరగా పాడి ఠక్కున ఆపిన చోట హాలు తోక, అంటే ఆగాక మిగిలే ప్రతిధ్వని, వినండి. నిజంగా పెద్ద గొంతు హాలును నింపుతుంది, ఆపాక గోడల నుంచి ఆ రంగే తిరిగొస్తుంది. మైకు మోసిన గొంతైతే నోటికి దగ్గరగా, పొడిగా ఉంటుంది, ఆపగానే తోక పలచగా చచ్చిపోతుంది. ఇంకా, గాయకుడు మొదలుపెట్టగానే వయొలిన్ల రంగు మారితే ముందు మైకులోకి వాద్యం కూడా కారుతోందని, అంటే ఆ మీట పైకి వెళ్లిందని అర్థం.

2021ని మాత్రం ఈ పరీక్షకు వాడకండి. కోవిడ్ వల్ల హాల్లో జనం లేరు. మనుషులు శబ్దాన్ని పీల్చుకుంటారు, ఖాళీ హాల్లో తోక పొడుగు. అందరి గొంతూ ఒక మెట్టు గొప్పగా వినిపిస్తుంది.

పాట ఎంపిక కూడా చూడాలి. మొజార్ట్ అరియాలో, అంటే ఒపేరాలో ఒక్కరే పాడే పాటలో, వాద్యం పలచన, అక్కడ సైజు పరీక్షకే రాదు. లెగాటో (స్వరాలను తెగకుండా కలిపి పాడటం), శ్రుతి, అచ్చుల స్వచ్ఛత మాత్రం దాక్కోవడానికి చోటుండదు. వెర్డీలో ట్రాంబోన్లు లేచిన చోట కూడా గొంతు ఎంతో సౌకర్యంగా, దగ్గరగా వినబడుతోందంటే కొంచెం అనుమానించండి.

మొదటివరస
అవన్నీ అలా ఉంచండి. టీవీ బుర్ర చెడగొడుతుందనడానికి ప్రేక్షకుల బహుమతి చాలదూ? 2011లో మోల్డోవా సొప్రానో వాలెంటీనా నఫోర్నిత్సాకు అసలు బహుమతీ అదీ రెండూ వచ్చాయి. ఆ తరవాత 2013, 15, 17, 19, 21, 23, ఒక్కసారీ కలవలేదు. 2019లో జ్యూరీ ఉక్రెయిన్ బారిటోన్ ఆంద్రీ కిమాచ్ అంది, జనం కేటీ బ్రే అన్నారు. 2023లో జ్యూరీ ఇటలీ బాస్ అడాల్ఫో కొర్రాడో అంది, జనం కొలంబియా సొప్రానో జూలియెత్ లొసానో అన్నారు. తెరమీద చిరునవ్వుకు పడే ఓట్లు కావా ఇవి?

తెరచాటు
2015ను దాటేశారేం? ఆ ఏడు జనం ఎంచుకున్నది మంగోలియా బారిటోన్ అమర్తువ్షిన్ ఎంఖ్‌బాత్‌ను. నటనంటూ పెద్దగా లేదు, నిలబడి పాడటమే. గొంతు మాత్రం కొండంత. చిరునవ్వుకు ఓట్లు పడేట్టయితే ఆయనకు ఒక్కటీ పడకూడదు. జ్యూరీ ఆ ఏడు బెలారుస్ సొప్రానో నదీన్ కుచెర్ కళను మెచ్చింది. పైగా బహుమతులు వేరైనంత మాత్రాన కారణం కెమెరాయేనని ఎలా తేల్చారు? జ్యూరీ రేపటి వృత్తిని చూస్తుంది, జనం ఈ రాత్రిని చూస్తారు.

మొదటివరస
ఎంఖ్‌బాత్ సంగతి ఒప్పుకుంటున్నా. మిగతా అయిదూ ఒప్పుకోను.

రెండుచెవులు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. టీవీ బొమ్మ, రేడియో 3 శబ్దం రెండూ కలిపి పెట్టుకోవచ్చు కదా? ఎంతకీ పెదాలు కలవడం లేదు.

ఆలస్యం అమృతం
కలుస్తాయండీ, ఓపికుండాలి. ఎఫ్ఎం అన్నిటికన్నా ముందు వస్తుంది, డిజిటల్ రేడియో కాస్త వెనక, యాంటెన్నా టీవీ ఇంకా వెనక, ఆన్‌లైన్ టీవీ అర నిమిషం వెనకపడినా ఆశ్చర్యం లేదు. ముందున్నదాన్ని ఆపి వెనకున్నదానికి కలపడమే దారి. ఎఫ్ఎంను ఆపలేం, అక్కడే చాలామంది చిక్కుకుంటారు. రేడియోను ఆన్‌లైన్ ప్లేయర్లో పెట్టండి. అది ముందుంటే పాజ్ కొట్టి వదలండి, వెనకుంటే టీవీని పాజ్ చేయండి.

సరిచూసుకోవడానికి పాటను వాడొద్దు, కండక్టర్ చేతిని అసలే వాడొద్దు. కర్ర దిగిన తరవాత గానీ ఆర్కెస్ట్రా మోగదు, మీరు తప్పు చోట కలుపుతారు. వ్యాఖ్యాత క్లోజప్‌లో పెదాలు మూసి తెరిచే ప, బ, మ అక్షరాలు చూడండి. టింపనీ (పెద్ద డోలు) దెబ్బ కనిపిస్తే ఇంకా మంచిది. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా కన్ను పట్టేస్తుంది, 125 వరకు వెనకొస్తే సర్దుకుంటుంది. హాల్లో ముప్ఫై మీటర్ల దూరాన కూర్చున్నవాడికి కూడా శబ్దం దాదాపు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది మరి. కాబట్టి అనుమానం వస్తే శబ్దాన్ని వెనక వైపే ఉంచండి. స్ట్రీమ్ ఒక్కసారి ఆగి మొదలైందంటే మళ్లీ మొదటికొస్తుంది, అందుకే అరియాకీ అరియాకీ మధ్య ఓసారి సరిచూసుకోండి.

చెవికోసుకునేవాడు
మేస్త్రి గారి మాట విన్నాక నా వాదన కొంచెం సవరిస్తున్నా. సైజు విషయంలో రేడియో టీవీ కన్నా నిజం చెప్పదు, సరే. కానీ మొదటిసారి వినడం మాత్రం రేడియోలోనే జరగాలి. ఒక్కొక్కరికీ మూడు ముక్కలు రాసుకోవాలి: మధ్య నుంచి పైస్థాయికి మారే చోట, పై స్థాయి మగ గొంతు టెనార్‌కైతే ఎఫ్, జి స్వరాల దగ్గర, రంగు మారిందా. మెల్లగా పాడిన చోట శ్రుతి దిగిందా. చివరి వాక్యానికి ఊపిరి మిగిలిందా. రాసేశాక టీవీ చూడండి, తెరచాటు గారి దవడలూ భుజాలూ అప్పుడు లెక్కలోకి వస్తాయి. వ్యాఖ్యాతల మాటలు వచ్చినప్పుడు రెండింట్లోనూ మ్యూట్.

తెరచాటు
మొదట విన్నదే మనసులో ముద్ర వేస్తుంది, రెండోది ఆ ముద్రకు సాక్ష్యాలు వెతుక్కుంటుంది. అందుకే మీ వరస ఒప్పుకోను. హాల్లో ఉన్న జ్యూరీకే ఒక్కసారి వినడం చాలలేదు. 2017లో స్కాట్లాండ్ మెజో (మధ్య స్థాయి ఆడ గొంతు) కట్రియోనా మారిసన్ తన రౌండ్ నెగ్గలేదు, రౌండ్ విజేతలు కాకుండా జ్యూరీ అదనంగా ఎంచుకున్న ఫైనలిస్టు ఆవిడ. ఫైనల్లో గెలిచింది, పియానో తోడుగా పాడే పాటలకు విడిగా ఇచ్చే సాంగ్ ప్రైజ్‌ను మంగోలియా బారిటోన్ గాన్‌బాతర్‌తో పంచుకుంది.

మైకుమేస్త్రి
సాంగ్ ప్రైజ్ మాట బాగా గుర్తు చేశారు. గొంతు గురించి నిజంగా తేల్చుకోవాలంటే ఫైనల్ కన్నా అదే నమ్మకం. పియానో ఒక్కటే, మైకు గొంతును మొయ్యాల్సిన అవసరం తక్కువ. 1989లో రష్యా బారిటోన్ హ్వరొస్తోవ్‌స్కీ అసలు బహుమతి పట్టుకుపోతే, వేల్స్ బాస్-బారిటోన్ బ్రిన్ టెర్ఫెల్‌కు దక్కింది ఇదే, అప్పట్లో దీన్ని లీడర్ (జర్మన్‌లో 'పాటలు') ప్రైజ్ అనేవారు. కాకపోతే అక్కడ ఆర్కెస్ట్రాను దాటే శక్తి పరీక్షకు రాదు.

మొదటివరస
అంటే ఏదీ చాలదంటారు.

మైకుమేస్త్రి
సాంగ్ ప్రైజ్ హెడ్‌ఫోన్స్‌లో, ఫైనల్ స్పీకర్ల మీద. రెండోసారి ఫైనల్ వినేటప్పుడు చివరి గాయకుడి నుంచి వెనక్కి రండి. మొదట పాడినవాళ్లకు మీరిచ్చిన మార్కులు ఎన్ని మారతాయో ఇక్కడ రాయండి, అప్పుడు రేడియోనా టీవీనా మళ్లీ మాట్లాడుకుందాం.