అప్‌డేట్: గ్రీక్ వైన్లు రుచి చూసి వచ్చాం

గ్రీస్ వెళ్తున్నాం, ఒకసారి రెత్సీనా అనే గ్రీక్ వైన్ తాగితే ఫినాయిల్ గుర్తొచ్చింది, వేరే ఏం తాగొచ్చు అని పోయిన నెల అడిగింది నేనే. అసిర్తికో అనే వైట్ వైన్‌తో మొదలుపెట్టమన్న వాళ్లందరికీ థాంక్స్.

సాంతొరీని దీవిలో ద్రాక్షతోట అంటే మనలా పందిరి ఊహించుకుని వెళ్లాను, తీరా చూస్తే తీగల్ని గంపలా గుండ్రంగా చుట్టి నేలమీదే వదిలేశారు, గాలి దెబ్బ తగలకుండా కాయలు లోపల కాస్తాయట. నేలంతా అగ్నిపర్వతం బూడిద, వానలు తక్కువ, రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే తేమే చాలావరకు ఆధారం. అక్కడి అసిర్తికో నిమ్మరసంలో చిటికెడు ఉప్పు పడినట్టు ఉంది, తీపి అస్సలు లేదు. పక్కన ఫావా అని ఇచ్చారు, అచ్చం మన ముద్దపప్పే, ఆవకాయ ఒక్కటే తక్కువ!

నౌసా అనే ఊరి రెడ్ వైన్, క్సినోమావ్రో, మా ఆవిడకి నచ్చలేదు. పేరుకి అర్థమే 'పులుపు నలుపు', వక్క నమిలినంత వగరు. కానీ మాంసం కూరతో తాగితే దారిలో పడింది, నాకైతే అదే ఫస్ట్.

రెత్సీనాకి ఇంకో ఛాన్స్ ఇచ్చాను. పైన్ చెట్టు బంక వేస్తారు కాబట్టి ఆ వాసన పోదు, కాకపోతే బాగా చల్లగా, వేయించిన చేపలతో పర్వాలేదు.

విన్‌సాంతో అనే తీపి వైన్ మాత్రం ఎండబెట్టిన ద్రాక్షతో చేసి పీపాల్లో కనీసం 2 ఏళ్లు ఉంచుతారు, బెల్లం పాకంలో ఖర్జూరం వేసినట్టుంది. ఒక సీసా కొని తెలివిగా హ్యాండ్ బ్యాగులో పెట్టాను, ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో తీసేసుకున్నారు.