కెనడా హారర్ షార్ట్ ఫిల్ములు: సర్కారు డబ్బుతో తీసినవి లిస్టులో పెట్టాలా, వద్దా?

చలిమంట
శనివారం రాత్రి మా ఇంట్లో ఏడెనిమిది మందిమి కలుస్తున్నాం. టొరంటో పక్కనే, బేస్‌మెంట్‌లో ప్రొజెక్టర్ ఉంది. అందరూ తెలుగువాళ్లే. హారర్ అంటే పాత బంగళా, మధ్యలో కామెడీ, ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ అనుకునే బ్యాచ్. ఇక్కడి ఇండిపెండెంట్ షార్ట్స్ రుచి చూపిద్దామని ఈ లిస్టు రాశాను: మేడమ్ టుట్లీ-పుట్లీ (2007), నెక్స్ట్ ఫ్లోర్ (2008), ట్రీవెంజ్ (2008), ఫైల్ అండర్ మిసలేనియస్ (2010), హెక్ (2020). అన్నీ కలిపినా గంటన్నర దాటదు. ఒక ఫ్రెండ్ చూసి మొదటిది కొట్టేయమన్నాడు. అది నేషనల్ ఫిల్మ్ బోర్డ్ నిర్మించింది, సర్కారు సినిమా, చేతి డబ్బు పెట్టుకుని తీసినవాళ్ల పక్కన దాన్ని ఎలా పెడతావ్ అంటాడు. మీరేమంటారు?

మిడ్‌నైట్‌షో
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్టు. హెక్ తీసిన కైల్ ఎడ్వర్డ్ బాల్ సంగతి చూడండి. ఎడ్మంటన్‌లో ఉంటూ ఒక యూట్యూబ్ ఛానల్ నడిపాడు. జనం తమ పీడకలలు కామెంట్లలో రాస్తే వాటిని చిన్న వీడియోలుగా తీసేవాడు. ఆ పని చేస్తూ చేస్తూ హెక్ తీశాడు. అదే ఆలోచనని పెంచి 15,000 డాలర్లతో, తను పెరిగిన ఇంట్లోనే స్కినమరింక్ (2022) తీస్తే థియేటర్లలో 20 లక్షల డాలర్లు దాటింది. అలాంటివాళ్లు తొలిరోజుల్లో ఉన్నప్పుడు నలుగురికి చెప్పడానికే కదా ఈ సిఫార్సులు! టుట్లీ-పుట్లీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. దానికి మన బేస్‌మెంట్ ప్రచారం దేనికి?

రీలుపెట్టె
మిడ్‌నైట్‌షో గారూ, మీరు హాలీవుడ్ కొలతతో కెనడాని కొలుస్తున్నారు. ఇక్కడ పెద్ద స్టూడియోలంటే సరిహద్దు అవతలివే. వాళ్లని కాదని ఏదైనా తీయాలంటే చాలామందికి ప్రభుత్వ సాయమే దారి. ఆ డబ్బు తీసుకున్నవాళ్లు బుద్ధిగా, ఎవరికీ ఇబ్బంది లేని సినిమాలు తీశారా అంటే అదీ లేదు. 1975లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ షివర్స్ తీసినప్పుడు అందులో ప్రజాధనం ఉంది. రాబర్ట్ ఫుల్‌ఫర్డ్ అనే జర్నలిస్టు 'సాటర్డే నైట్' పత్రికలో, ఈ సినిమా ఎంత ఘోరమో మీకు తెలియాలి, డబ్బు కట్టింది మీరే కాబట్టి అనే అర్థంలో శీర్షిక పెట్టి ఉతికి ఆరేశాడు. గొడవ పార్లమెంటు దాకా పోయింది. ఆ సినిమా మాత్రం పెట్టిన డబ్బు తిరిగి తెచ్చింది, ఆ దర్శకుడేమో ఈ దేశపు హారర్‌కి పెద్ద దిక్కయ్యాడు. మీరు అడిగేది కొత్త ప్రశ్నేం కాదు, యాభై ఏళ్ల నాటి తగాదా.

ఇక టుట్లీ-పుట్లీ. ఒక ఒంటరి ఆవిడ సామానంతా వేసుకుని రాత్రి రైలు ఎక్కుతుంది. కథ అంతే. బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముకీ కదిలిస్తూ తీసిన 17 నిమిషాల సినిమా. క్రిస్ లావిస్, మాచెక్ షెర్బోవ్‌స్కీ చేసిన తమాషా ఏంటంటే, బొమ్మ మొహాల్లో నిజం మనుషుల కళ్లు అతికించారు. మనిషి కళ్లని విడిగా షూట్ చేసి, బొమ్మ తల కదలికకి సరిపోయేలా ఒక్కో ఫ్రేములో కలిపారు. ఆవిడ పక్కకి చూస్తే మనకి ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకో వెంటనే అర్థం కాదు. ఏళ్ల తరబడి ఇలాంటి పని చేయనిచ్చే ప్రైవేటు నిర్మాత ఎవరైనా ఉంటే చెప్పండి, నేనూ వెళ్లి కలుస్తాను. పైగా ఫిల్మ్ బోర్డ్ దాన్ని తన సైట్‌లో ఉచితంగా పెట్టింది.

మంచుబొమ్మ
సర్కారు డబ్బు మీద అంత అనుమానం ఉన్నవాళ్లు నెక్స్ట్ ఫ్లోర్ జోలికి ఎందుకు వెళ్లలేదో నాకు అర్థం కాలేదు. దాన్ని నిర్మించింది మాంట్రియల్ కళాపోషకురాలు ఫీబీ గ్రీన్‌బర్గ్, మూల ఆలోచన కూడా ఆవిడదే. దర్శకుడు డెనీ విల్నవ్ అప్పటికే ఫీచర్ సినిమాలు తీసినవాడు, కొత్తవాడేం కాదు. కలిగినవాళ్ల డబ్బుకి లేని అంటు ప్రజల డబ్బుకి ఎక్కడినుంచి వచ్చింది? సినిమా మాత్రం అద్భుతం అనుకోండి. పెద్దమనుషులు ఆపకుండా మాంసం మేస్తుంటారు, బరువుకి నేల కూలి టేబుల్‌తో సహా కింది అంతస్తులో పడతారు, దుమ్ము దులుపుకుని మళ్లీ తింటారు. మాటలు దాదాపు లేవు కాబట్టి సబ్‌టైటిల్స్ గోల కూడా ఉండదు.

మిడ్‌నైట్‌షో
అయితే నెక్స్ట్ ఫ్లోర్ కూడా తీసేయమంటాను. డ్యూన్ తీసినాయన్ని మనం పరిచయం చేసేదేముంది? మంచుబొమ్మ గారు నన్ను ఇరికిద్దామనుకున్నారు, కానీ నా మాట అదే. ఎవరి డబ్బు అన్నది నాకు రెండో విషయం. ఇంకా నలుగురికి చేరాల్సినవాడు ఎవడు అన్నదే మొదటిది.

కాకినాడకాజా
డబ్బుల పంచాయితీ తర్వాత తేల్చుకోండి, ముందు శనివారం సంగతి చూడండి. హెక్ గుంపులో వేశారంటే పార్టీ పోయినట్టే. చీకటి ఇల్లు, ఎక్కడో టీవీ మోత, పిలిస్తే పలకని తల్లి. అరగంట దగ్గర దగ్గర అదే. ఒంటరిగా, లైట్లు ఆర్పి, హెడ్‌ఫోన్స్‌తో చూస్తే నిద్ర పట్టదు. బిర్యానీ ప్లేట్లతో చూస్తే పదో నిమిషానికి ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. ఇంకో మాట: ట్రీవెంజ్ టైటిల్ చూసి పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. నరికి తెచ్చిన క్రిస్మస్ చెట్లు పగ తీర్చుకునే కథ, నోవా స్కోషియా కుర్రాడు జేసన్ ఐజ్నర్ తీశాడు. మొదట్లో నవ్వొస్తుంది. తర్వాత వచ్చే రక్తపాతం చూస్తే మన ఫ్యాక్షన్ సినిమాలు భక్తి చిత్రాల్లా ఉంటాయి.

రీలుపెట్టె
కాజా గారితో ఏకీభవిస్తున్నాను. ఇంత వాదనలో ఫైల్ అండర్ మిసలేనియస్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నా దృష్టిలో లిస్టులో అన్నిటికంటే పదునైనది అదే. దాన్ని తీసిన జెఫ్ బార్నబీ మిగ్‌మా అనే ఆదివాసీ జాతివాడు, క్యుబెక్‌లోని లిస్టుగూజ్ నుంచి వచ్చాడు. ఏడు నిమిషాల్లో ఒక ఆదివాసీ మనిషి తన ఒంటి చర్మం తీయించుకుని తెల్లవాడిగా మారడానికి ఆపరేషన్ టేబుల్ ఎక్కుతాడు. ఇందులో దెయ్యం లేదు, చేతబడి లేదు. తర్వాత బ్లడ్ క్వాంటమ్ (2019) అనే జాంబీ సినిమా తీసి, 2022లో 46 ఏళ్లకే కన్నుమూశాడు. మిడ్‌నైట్‌షో గారూ, మీ లెక్క ప్రకారం చూసినా ముందు ఈయన్నే నలుగురికి చెప్పాలి.

మిడ్‌నైట్‌షో
దాని మీద నాకు గొడవే లేదు.

చలిమంట
అందరికీ థ్యాంక్స్. టుట్లీ-పుట్లీ ఉంచుతున్నా, ఆ కళ్ల గురించి విన్నాక తీసేయబుద్ధి కాలేదు. భోజనాలకి ముందు నెక్స్ట్ ఫ్లోర్ (తిన్నాక వేస్తే వండిన మా ఆవిడ ఊరుకోదు), పిల్లలు పైకి వెళ్లాక ట్రీవెంజ్, చివర్లో బార్నబీ. హెక్ లింకు గ్రూపులో పెట్టి ఎవరింట్లో వాళ్లని చూసుకోమంటాను.

మిడ్‌నైట్‌షో
అంటే చివరికి బయటికి పోయింది యూట్యూబ్ కుర్రాడే అన్నమాట. బాగుందండీ తీర్పు!

కాకినాడకాజా
బయటికి కాదండీ, బెడ్‌రూమ్‌లోకి.