స్ప్లెండర్ లక్ష కి.మీ. దాటాలంటే: ఆయిల్, చైన్ సంగతి

గుంటూరు_బండి: 2019 స్ప్లెండర్ ప్లస్, 62,000 తిరిగింది. రోజూ విజయవాడ రానుపోను 70 కి.మీ. దాకా. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. చైన్ బిగించిన వారానికే వదులై కవర్‌కి కొట్టుకుంటోంది. ఆయిల్ 3000కి మారుస్తున్నా. ఈసారి మెకానిక్ కారు ఆయిల్ మిగిలింది, అదే పోద్దాం అంటున్నాడు. పోయొచ్చా? బోరు పని (సిలిండర్ అరిగితే చేయించే రిపేరు) లేకుండా లక్ష దాటించడం ఎలా?

స్పానర్14: కారు ఆయిల్ వద్దన్నా. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతాయి. కారు ఆయిళ్లు చాలావాటిలో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి, వాటితో ప్లేట్లు జారతాయి. రేజ్ పెరుగుతుంది, బండి లాగదు. డబ్బా మీద 10డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం గ్రేడ్)తో పాటు జాసో ఎంఏ (ఆయిల్‌లో తిరిగే బైకు క్లచ్‌కి సరిపడుతుందనే గుర్తు) అని ఉందో లేదో చూడండి.

3000కి మార్చడం సరే, మధ్యలో లెవెల్ చూస్తున్నారా? పట్టేదే లీటరుకి అటూ ఇటూ, 200 మి.లీ. తగ్గినా పెద్ద తేడానే. మెయిన్ స్టాండ్ వేసి మూడు నిమిషాలు ఇంజన్ నడపండి, ఆపి ఇంకో మూడు నిమిషాలు ఆగండి. ఆయిల్ మూతకుండే కొలత స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయండి. బిగించి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది!

చైన్_సెట్టు: వారానికే వదులైతే ఇక బిగించి లాభం లేదు. కవర్ రబ్బరు బిరడా తీసి, వెనక చక్రం మెల్లగా తిప్పుతూ చైన్‌ని వేలితో ఎత్తి చూడండి. 20–30 మి.మీ. ఆడాలి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులుంటే చైన్, రెండు స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) సెట్టుగా మార్చాల్సిందే. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగా పోతుంది.

కొత్తది వేశాక, మురికి పట్టినప్పుడల్లా కిరోసిన్‌తో తుడిచి, ఆరాక 90 నంబర్ గేర్ ఆయిల్ పెట్టండి. వాటర్ సర్వీసింగ్ అయిన రోజు తప్పనిసరి. చైన్ బిగించేటప్పుడు వెనక చక్రం ఇరుసు దగ్గర రెండువైపులా గీతలు ఒకేచోట ఉండాలి, తర్వాత వెనక బ్రేక్ కూడా సరిచూసుకోవాలి. మరీ బిగిస్తే గేర్‌బాక్స్ బేరింగ్ పోతుంది.

నాలుగో_గేరు: వారధి మీద ట్రాఫిక్‌లో 25 స్పీడుకి నాలుగో గేరులో లాగకండి, బండి కుదుపుతుంటే చైన్ దెబ్బతింటుంది. మూడుకో రెండుకో దించండి. సగం క్లచ్ పట్టుకుని పాకించడమూ వద్దు.

గుంటూరు_బండి: ఇప్పుడే మర తిప్పకుండా చూశా. స్టిక్ కొనకి కూడా తడి లేదు!

స్పానర్14: అయితే స్టార్ట్ చేయకండి. అదే గ్రేడ్ 100 మి.లీ. చొప్పున పోస్తూ చూడండి, పై గీత దాటనివ్వొద్దు. కింద కారుతున్న జాడ లేకుండా మళ్లీ తగ్గితే పొగ గమనించండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు (వాల్వ్‌ల దగ్గర ఆయిల్ ఆపే రబ్బర్లు) పోయాయనుకోవచ్చు. రేజ్ ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు, బోరు చూపించాలి.