గూబ ఉండల్లో దొరికిన చిట్టెలుక పుర్రెలు: జాతి తేల్చడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

మహేంద్రతనయ ఒడ్డున వరి పొలాలను ఆనుకొని ఉన్న ఒక పాత గోదాములో తెల్లగూబలు కాపురముంటున్నాయి. అవి కక్కిన ఉండలను మా డిగ్రీ విద్యార్థులు నానబెట్టి విప్పగా చిట్టెలుకల పుర్రెలు చాలా దొరికాయి. వీటిలో ఇంట్లో తిరిగే మస్ మస్కులస్ ఏది, పొలాల్లో ఉండే మస్ బూడుగా, మస్ టెర్రికలర్ ఏవి అన్నది పుర్రెను బట్టి చెప్పవచ్చునా? మూడింటికీ క్రోమోజోములు 40 అని చదివాను. అటువంటప్పుడు క్రోమోజోముల పరీక్ష వల్ల ప్రయోజనమేమిటో పెద్దలు వివరించగలరు.

సమాధానం (బరంపురం)

మాస్టారూ, ముందుగా పై దవడలోని కుంతకాలను పక్క నుంచి భూతద్దంతో చూడండి. మస్ మస్కులస్‌లో పంటి కొనకు కాస్త పైన, లోపలి వైపున, గోటితో నొక్కినట్లు ఒక గాటు కనిపిస్తుంది. పొలం చిట్టెలుకల్లో అక్కడ పన్ను నున్నగా వంపు తిరిగి ఉంటుంది. పన్ను అరిగేకొద్దీ ఈ గాటు లోతు మారుతుంది కనుక ఒకే పుర్రెను చూసి తీర్పు చెప్పకుండా, పది పుర్రెలను పక్కపక్కన పెట్టి చూడడం మేలు. కంటి గుంతల పైఅంచున గట్టులాంటి ఎముక లేచి ఉంటే అది ముళ్ల వెంట్రుకల చిట్టెలుకల వర్గానిది. ఆ వర్గంలోని మస్ ప్లాటిథ్రిక్స్‌కు క్రోమోజోములు 26 మాత్రమే.

బూడుగా, టెర్రికలర్‌ల విషయంలో మాత్రం విడి పుర్రెను చూసి పేరు రాయడానికి నేను సాహసించను. ఈ రెండూ వేర్వేరు జాతులని 1968లో మత్తే, పెతెర్ అనే పరిశోధకులు నిరూపించింది కూడా క్రోమోజోముల ఆధారంతోనే. పాత పుస్తకాల్లో టెర్రికలర్‌కు మస్ డన్నీ అన్న పేరు కనిపిస్తుంది, తికమక పడకండి.

సమాధానం (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

పై వారు చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నాను. ఇక్కడ చూడవలసింది లెక్కను కాదు, ఆకారాన్ని. బూడుగాలో ఎక్స్‌తో సహా క్రోమోజోములన్నింటికీ సెంట్రోమియర్ (క్రోమోజోముకు నడుములాంటి నొక్కు; దానికి ఇరువైపులా ఉండేవే భుజాలు) ఒక కొనన ఉంటుంది. టెర్రికలర్‌లో ఎక్స్ క్రోమోజోముకు హెటెరోక్రొమాటిన్‌తో (గట్టిగా చుట్టుకొని ఉండే క్రోమోజోము పదార్థంతో) ఏర్పడిన పొట్టి భుజం ఒకటి అదనంగా ఉండి, అది రెండు భుజాలతో పెద్దదిగా కనిపిస్తుంది. వై కూడా పెద్దదే. కొన్ని ప్రాంతాల టెర్రికలర్‌లలో లింగేతర క్రోమోజోములు కొన్నింటికి కూడా ఇటువంటి భుజాలున్నాయి. హెటెరోక్రొమాటిన్‌కు రంగు పట్టించే సి-బ్యాండింగ్ పద్ధతి వాడితే ఆ భుజాలు ముదురుగా రంగు పట్టి బయటపడతాయి.

నల్ల ఎలుకల సంగతి వేరు. అక్కడ లెక్కే ఆధారం: ఆసియా రకానికి 42, మన దక్షిణాది రకానికి 38. రెండేసి జతల విడి క్రోమోజోములు సెంట్రోమియర్ల వద్ద కలిసిపోయి ఒక్కో జతగా మారడం రెండు సార్లు జరిగినందువల్ల ఈ తగ్గుదల వచ్చింది.

మళ్లీ ప్రశ్నించినవారు

ధన్యవాదాలండీ. బోనులో ఆడది మాత్రమే చిక్కితే వై ఉండదు కదా, అప్పుడేం చేయాలి?

సమాధానం (సిరొంచ)

ఆడదైనా చాలండీ. దానిలో రెండు ఎక్స్‌లు ఉంటాయి కనుక టెర్రికలర్ అయితే రెండు భుజాల క్రోమోజోములు కనీసం రెండైనా కనబడాలి. పొలంలో పట్టిన, పంటిగాటు లేని చిట్టెలుకలో అటువంటిది ఒక్కటీ లేకపోతే అది బూడుగా అనుకోవచ్చు. కోల్చిసిన్ (కణ విభజనను మధ్యలో ఆపే మందు) ఇచ్చిన తరువాత తొడ ఎముక మజ్జను తీసి, పలుచని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో 37 డిగ్రీల వద్ద ఉంచి, మూడు పాళ్ల మిథనాల్‌కు ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో స్థిరపరచి, గీమ్సా రంగు వేయండి. దీనికి ముందు మీ కళాశాల జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి.

క్రోమోజోములు చూసిన ఆ జంతువు పుర్రెను పారేయకండి. స్లైడు మీద వేసిన సంఖ్యనే దానికీ వేసి భద్రపరిస్తే, ఆడ, మగ, పిల్ల, ముసలి అన్నీ కొన్ని పోగయ్యాక ముక్కు ఎముకల పొడవు, అంగిలి రంధ్రాల పొడవు, చర్వణకాల వరుస పొడవు కొలిచి, గూబ ఉండల్లోని పుర్రెల కొలతలతో పోల్చవచ్చు. ఉండల్లోని పుర్రెలకు అంతవరకు "పొలం చిట్టెలుక, జాతి తేలలేదు" అని చీటీ కట్టండి.