అమ్మ కేర్ హోమ్‌లో పగలంతా మత్తుగా ఉంటోంది, గట్టిగా అడిగితే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని భయం

ప్రశ్న:
అమ్మకి మతిమరుపు మొదలైంది కానీ మమ్మల్ని గుర్తుపడుతుంది, ఏం కావాలో ఏం వద్దో చెప్పగలదు. ఈ మధ్య ఎప్పుడు వెళ్ళినా మత్తుగా పడుకునే ఉంటోంది. రాత్రుళ్ళు లేచి తిరుగుతోందని ఏదో కొత్త మాత్ర మొదలుపెట్టారట, మాకు చెప్పలేదు, అమ్మనూ అడగలేదు. ఏం మాత్ర అంటే డాక్టర్ రాశారు, ఇక్కడ ఇదే పద్ధతి అంటున్నారు. కాల్ బెల్ కూడా చేతికి అందనంత దూరంలో ఉంటోంది. నేను గొడవపడి ఇంటికొచ్చేస్తే తర్వాత వాళ్ళ చేతుల్లో ఉండేది అమ్మే కదా, అదే నా టెన్షన్. ఎలా అడగాలి?

మాజీ నర్సు:
ముందు ఆ మాత్ర పేరు తెలుసుకోండి, మిగతావి తర్వాత. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్ళకి యాంటీసైకోటిక్ మందులు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే మందులు ఇస్తే ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అసలు వాడకూడదని కాదు, మనిషి విపరీతమైన భయంలోనో బాధలోనో ఉండి వేరే దారి పనిచేయనప్పుడు తక్కువ డోసులో కొంతకాలం ఇచ్చి మళ్ళీ చూస్తారు. కానీ రాత్రి డ్యూటీలో మనుషులు చాలక అందరూ పడుకుంటే చాలని ఇస్తే అది వైద్యం కాదు, మనిషిని మందుతో కట్టేయడం. ఎందుకు లేస్తోందో ఎవరైనా చూశారా? నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి రావడం, ఇలా ఎన్నో ఉంటాయి. మీ అంతట మీరు మాత్ర ఆపించకండి, డాక్టర్‌తోనే మాట్లాడండి. వెళ్ళినప్పుడు మడమలు, తుంటి, నడుము కింద చర్మం కూడా చూడండి, మత్తులో ఉన్నవాళ్ళు పక్కకి తిరగరు కాబట్టి పుండ్లు అక్కడే మొదలవుతాయి.

ఇంకో ఇంటివారు:
మీ భయం మాకూ ఉండేది. నోటిమాటగా ఎన్ని చెప్పినా గాలికి పోయాయి, మేనేజర్‌కి తేదీ, సమయం, చూసింది చూసినట్టు రాసిచ్చి జవాబు కూడా రాతలోనే కావాలన్నాక కదలిక వచ్చింది. వేర్వేరు వేళల్లో వెళ్ళండి. తోటి కుటుంబాలతో మాట్లాడండి, ఒక్కరే అడిగితే గొడవమనిషి అనేస్తారు, నలుగురు కలిసి అడిగితే ఎవరి అమ్మ మీద చూపిస్తారు? అమెరికాలో 1987లో వచ్చిన నర్సింగ్ హోమ్ చట్టం సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టేయడాన్ని, మందులతో అణచడాన్ని నిషేధించింది, కుటుంబాలు కలిసి సమావేశమయ్యే హక్కునీ రాసిపెట్టింది. అక్కడ ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉంటారు. మీరున్న చోట ఆ హోమ్‌కి లైసెన్స్ ఇచ్చేది, తనిఖీ చేసేది ఎవరో కనుక్కోండి, మేనేజర్ పట్టించుకోకపోతే వెళ్ళాల్సింది అక్కడికే.

మరొకరు:
అన్నీ బాగున్నాయి కానీ అమ్మని అడిగారా? ఆవిడ చెప్పగలదని మీరే అన్నారు. ఐక్యరాజ్యసమితి 1991లో ఆమోదించిన వృద్ధుల సూత్రాల్లో, సంరక్షణ కేంద్రంలో ఉన్నా సరే తమ సంరక్షణ గురించి, తమ బతుకు ఎలా ఉండాలనే దాని గురించి నిర్ణయించుకునే హక్కు వాళ్ళదేనని స్పష్టంగా ఉంది. పిల్లలం మనం ప్రేమతోనే ఆ హక్కు లాగేసుకుంటాం, మేనేజర్‌తో మీటింగ్ అంటే అమ్మని గదిలో వదిలేసి మనం వెళ్ళి కూర్చుంటాం. మత్తు కాస్త తగ్గే వేళ చూసి, ఇద్దరే ఉన్నప్పుడు నిదానంగా అడగండి. రాత్రి ఎందుకు లేస్తున్నావు, ఎవరితోనైనా భయంగా ఉందా, ఈ సంగతి నేను మాట్లాడనా అని. వద్దంటే ఎందుకు వద్దంటోందో వినండి. ఫిర్యాదులో ఆవిడ మాటలే ఆవిడ అన్నట్టుగా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. ఇవాళ అడిగాను. రాత్రి బాత్‌రూమ్ కోసమే లేస్తోందట, బెల్ అందక ఎవరినీ పిలవలేక తనే వెళ్తోందట. దాన్ని తిరుగుడు అని రాసి మాత్ర ఇచ్చారు! రేపు లెటర్ ఇస్తున్నా, మీటింగ్‌లో అమ్మ కూడా కూర్చుంటానంది.

మాజీ నర్సు:
లెటర్‌లో రెండు విషయాలు చేర్చండి: ఆ మాత్ర ఎవరు, ఏ కారణంతో, ఏ తేదీన మొదలుపెట్టారో మందుల రికార్డు కాపీ ఇవ్వమని, డాక్టర్ మళ్ళీ చూసే తేదీ చెప్పమని. బెల్ మాత్రం లెటర్ దాకా ఆగక్కర్లేదు, రేపు వెళ్ళగానే మంచం పక్కకి మార్పించి, అమ్మ చేత ఒకసారి నొక్కించి చూడండి.