ఆడపిల్లల ఆస్తి హక్కు పోరాటం గెలిచినట్టేనా?

చర్చకు పెట్టిన ప్రశ్న

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పిస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. 2005లో కేంద్రం అదే హక్కును దేశమంతటికీ ఇచ్చింది. ఆడవారి ఆస్తి హక్కు కోసం జరిగిన పోరాటం దీంతో గెలిచినట్టేనా? సభ్యులు కారణాలతో సహా రాయగలరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

గెలిచిందనే నా అభిప్రాయం. తల్లి లేని ఒక ఇంట్లో తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు, నాలుగెకరాల పిత్రార్జితం ఉన్నాయనుకుందాం. 1956 నాటి చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా కన్నుమూస్తే, ముందుగా ఆ భూమిని తండ్రికీ కొడుకుకూ చెరి సగంగా లెక్కగట్టి, తండ్రి వంతుకు వచ్చిన రెండెకరాలను మాత్రమే పిల్లలిద్దరికీ పంచేవారు. అంటే కొడుకుకు మూడెకరాలు, కూతురికి ఒక ఎకరం. ఇంటి విషయం మరీ అన్యాయం. మగ వారసులు తాముగా పంచుకుంటే తప్ప, పుట్టింటిలో తన వాటా విడదీసి ఇమ్మని కూతురు అడగడానికి వీలుండేది కాదు. నేడు ఈ రెండూ లేవు. ఆడవారికి ఆస్తి హక్కు ప్రతిపాదించిన హిందూ కోడ్ బిల్లును బలపరిచిన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఆ బిల్లు ముందుకు సాగనందుకు 1951లో మంత్రి పదవినే వదులుకున్న అంబేద్కర్ కోరినది చాలావరకు చట్టమైంది. దీన్ని గెలుపు అనకపోతే వారి శ్రమకు విలువ ఇవ్వనట్టే.

న్యాయవాది, నరసరావుపేట

మాస్టారు చెప్పిన లెక్క అక్షరాలా నిజం. చట్టంలో ఇంకా మిగిలి ఉన్న చిక్కులను కూడా కోర్టులు ఒక్కొక్కటిగా విప్పాయి. మన రాష్ట్ర సవరణలో 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయిన కూతురికి హక్కు లేదు. అక్కకు 1984లో, చెల్లెలికి 1986లో పెళ్లయితే ఒకే తండ్రి ఆస్తిలో చెల్లెలికి వాటా ఉండేది, అక్కకు ఉండేది కాదు. 2005 సవరణలో ఆ షరతు లేదు. ఆ సవరణ అమలైన సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలని 2015లో ఒక తీర్పు వచ్చినా, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ అడ్డునూ తొలగించింది.

నాకు పేచీ ఉన్నది వేరే చోట. ఆడపిల్ల వాటా ఒకప్పుడు చట్టంలోనే పోయేది, ఇప్పుడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పోతున్నది. అన్నదమ్ములు పొలం అమ్మదలచినప్పుడో, బ్యాంకులో తనఖా పెట్టదలచినప్పుడో ఎదుటి పక్షం వకీలు ఆడపిల్లల సంతకాలు కావాలంటాడు. అప్పుడు అక్కచెల్లెళ్లకు కబురు వెళ్తుంది. వాళ్లు వచ్చేసరికి డాక్యుమెంటు రైటరు హక్కు విడుదల దస్తావేజు సిద్ధం చేసి ఉంచుతాడు. పెళ్లిలో ముట్టవలసినవన్నీ ముట్టాయి కనుక ప్రేమాభిమానాలతో హక్కు వదులుకుంటున్నానన్న మాట అందులో ముందే ఉంటుంది. ఆమె ఫొటో దిగి, వేలిముద్ర వేసి, పెట్టిన చీర తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. అందులో ఏముందో చదివి వినిపించమని అడిగినవారిని నేను చాలా అరుదుగా చూశాను. చదువు లేక కాదు. భర్తతో పొసగని నాడు వచ్చి తలదాచుకోవడానికి ఉన్నది ఆ పుట్టిల్లొక్కటే, వాటా అడిగితే ఆ గుమ్మం మూసుకుపోతుందని భయం.

అయినా ఆ సంతకం అవసరం కావడమే పోరాటం తెచ్చిన పెద్ద మార్పని నేను ఒప్పుకుంటాను. 1985కు ముందు తండ్రీకొడుకులు భాగాలు పంచుకుంటే ఆమెను పిలిచే పనే ఉండేది కాదు.

రైతు, నల్గొండ జిల్లా

వకీలు గారూ, మా వైపు మాట కూడా వినండి. చెల్లెలి పెళ్లికి పొలం అమ్మి, చాలక అప్పు చేసి, ఆ అప్పు ఏళ్ల తరబడి అన్నే తీర్చి, మంచాన పడ్డ తల్లిదండ్రులను కూడా అతనే చూసుకున్నాక, మిగిలినదానిలో మళ్లీ సగం ఇమ్మనడం న్యాయమేనా?

పరిశోధక విద్యార్థిని, ఉట్నూరు

మీరందరూ మాట్లాడుతున్న చట్టం మా ఏజెన్సీలోని గిరిజనులకు వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఇది చెల్లదని ఆ చట్టంలోని 2వ సెక్షనే చెబుతున్నది. గోండు ఆడపడుచు వాటా నేటికీ ఆచారాన్ని బట్టే తేలుతుంది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవారికి వాటా లేదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది చాలా సంతోషం. కానీ ప్రతి ఆడపిల్లా ఢిల్లీ దాకా వెళ్లగలదా?

న్యాయవాది, నరసరావుపేట

చెల్లెమ్మా, మీరు చెప్పినది నేను మరిచిన విషయం కాదు గానీ ముందే రాయవలసిన విషయం. చట్టమే చేరని చోట గెలుపు మాట ఎత్తలేము.

రైతు సోదరా, మీ బాధ నిజమైనదే, మా ఇళ్లలోనూ ఉన్నదే. అయితే ఆ కట్నం చెల్లెలి చేతికి వచ్చిందా, అత్తవారి చేతికి వెళ్లిందా? 1961 చట్టం ప్రకారం ఇవ్వడమే నేరమైన డబ్బును ఆమె వాటా కింద జమ వేయలేము. పసుపు కుంకుమ కింద ఆమె పేరున భూమి రాసి ఉంటే అది వేరు సంగతి, పంపకాలలో దాన్ని లెక్కలోకి తీసుకోవాలని నేనే వాదిస్తాను. ఇక తల్లిదండ్రుల పోషణ అంటారా, 2007 చట్టం ఆ బాధ్యతను కూతురి మీద కూడా పెట్టింది. అన్న ఒక్కడే మోశాడంటే చెల్లెలిని తన వంతు మోయమని అడగండి, ఆమె భూమి మీద మాత్రం చేయి వేయకండి.

నేను కోరేది చిన్న మార్పు. విడుదల దస్తావేజు రిజిస్టరు చేసే ముందు, ఆమె వదులుకుంటున్న వాటా విలువ ఎంతో రూపాయల్లో అందులో రాయాలి. అన్నదమ్ములను బయట కూర్చోబెట్టి, అధికారి ఆమెకు ఒక్కదానికే దాన్ని చదివి వినిపించాలి. అంతా విన్న తరువాత కూడా ఆమె సంతకం పెడితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.